పలకల గడ్డపై పోషకాల పాఠం

మార్కాపురం పలకల మీద తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ గడ్డ పిల్లలకు ఇప్పుడు మరో పాఠం కావాలి: కంచంలో ఏముంది, ఎందుకుంది?

మార్కాపురం ఉన్న ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో చాలా ఊళ్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తిండిలో కాల్షియం కొరవడితే ఎముకలపై దాని దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు; తెల్లబియ్యంలో 10 కూడా ఉండదు. అందుకే 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో మొదలైన రాగిజావ ఇక్కడ మరీ విలువైనది. ఎందుకు తాగాలో చెప్పకుండా గ్లాసు చేతికిస్తే ఎలా?

పాఠం జావతోనే ఆగనక్కర్లేదు: ఇదే ప్రాంతంలో గిద్దలూరు వైపు కంది చేలే మాంసకృత్తుల పాఠం చెప్పగలవు.

అయితే రక్షిత నీటికి రాగిజావ ప్రత్యామ్నాయం కాదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రావాల్సిందే. ఈలోగా జావ పోసే రోజున ఉపాధ్యాయులు ఐదు నిమిషాలు పోషకాల గురించి మాట్లాడాలి. విద్యాశాఖ అందుకు వీలు కల్పించాలి.