కొండ దిగుతుంటే కారుకెందుకంత హోరు?

కె.గంగవరంలో కారు నడిపేవాళ్లకు ఎత్తు అంటే ఏటిగట్టు. కాదంటే కాలువ మీద వంతెన. కోటిపల్లి రేవు నుంచి ద్రాక్షారామం దాకా వెళ్లొచ్చినా దారంతా బల్లపరుపే... అటూ ఇటూ వరిచేలు, కొబ్బరిచెట్లు. అలాంటి ఊళ్లో కొత్తగా హైబ్రిడ్ కారు కొన్న ఓ కుటుంబం తొలి ప్రయాణం తిరుమలకు పెట్టుకుందనుకుందాం. దర్శనం బాగా జరిగింది. లడ్డూల సంచీ డిక్కీలో పెట్టుకుని పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నారు. కొంత దూరం కారు చడీచప్పుడు లేకుండా జారింది. అంతలో ఇంజిన్ ఒక్కసారిగా హోరెత్తింది! చూస్తే యాక్సిలరేటర్ మీద కాలే లేదు. ‘కాస్త పక్కకి ఆపరా అబ్బాయ్’ అని వెనక సీట్లోంచి మామ్మగారు. నడిపే ఆయనకు ముచ్చెమటలు.

అలిపిరి దాటి కొన్ని కిలోమీటర్లు వెళ్లేసరికి అంతా మామూలే. ఊరికొచ్చాక మెకానిక్‌కి చూపిస్తే రామచంద్రపురం రోడ్డులో రెండు చక్కర్లు కొట్టి ‘బండి లక్షణంగా ఉందండీ’ అంటాడు. ఆయన తప్పేం లేదు. ఆ చప్పుడు కోనసీమ రోడ్ల మీద వినిపించేది కాదు మరి!

అసలు సంగతేంటంటే, హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉంటాయి. దిగుడులో కారు వేగాన్ని ఆ మోటారే పట్టి ఉంచుతుంది. అప్పుడది జనరేటర్‌లా తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. మామూలు కారులో బ్రేకుల దగ్గర వేడిగా పోయే శక్తి ఇక్కడ ఆదా అవుతుందన్నమాట. అంతవరకూ బాగానే ఉంది. మరి బ్యాటరీ నిండిపోతే?

లెక్క చూడండి. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులు, సామానుతో కలిపి 1,650 కిలోల కారు అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి 3 యూనిట్ల పైమాటే. ఇంటి కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే ఇవి. టైర్ల రాపిడికి, గాలికి కొంత పోయినా చాలానే మిగులుతుంది. 2022లో మన మార్కెట్లోకి వచ్చిన టొయోటా హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం సామర్థ్యం ఒక్క యూనిట్ కూడా లేదు, 0.76 మాత్రమే. అందులోనూ బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి పైనా కిందా కొంత వదిలేసి మధ్య భాగాన్నే వాడుకుంటుంది. బిందెడు నీళ్లను చెంబులో పోసినట్టే!

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం దాటితే ఏం చేస్తారు? గేట్లెత్తి మిగులు నీటిని సముద్రంలోకి వదులుతారు. కారులోని కంప్యూటరూ అదే చేస్తుంది. బ్యాటరీ పట్టనంటే, మిగులు కరెంటుతో ఇంజిన్‌ని ఊరికే తిప్పుతుంది. లోపల పెట్రోలు మండదు. ఇంజిన్ గాలిని పీల్చి వదిలే పంపులా పనిచేస్తూ కారును వెనక్కి పట్టి ఉంచుతుంది. మోటార్‌సైకిల్‌ని సెకండ్ గేర్లో పెట్టి పల్లంలో వదిలితే ఇంజిన్ గీమనదూ... ఇదీ అలాంటిదే. కాకపోతే అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న కారు ఉన్నట్టుండి అరిచేసరికి గుండె ఝల్లుమంటుంది. 1997లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన తొలి ప్రియస్ నుంచీ ఉన్న సంగతే ఇది. కారు అమ్మేటప్పుడు మైలేజీ గురించి అరగంట చెప్పేవాళ్లు ఇదొక్క ముక్క చెబితే ఎంత బాగుండునో! (‘స్మార్ట్ హైబ్రిడ్’ పేరుతో వచ్చే కార్లకిది వర్తించదు. వాటి మోటారు చిన్నది, ఇంజిన్‌కి తోడు మాత్రమే.)

అలాగని ప్రతి చప్పుడునూ మామూలే అని వదిలేయకూడదు. తేడా తెలుసుకోవాలంటే హోరు మొదలవగానే డ్యాష్‌బోర్డు చూడాలి. నడిపేవారు కాదు, పక్క సీట్లో ఉన్నవారు. బ్యాటరీ గీతలు దాదాపు నిండి, అప్పటికప్పుడు మైలేజీ చూపే మీటరు పైకి వెళ్లిపోయి ఉంటే పెట్రోలు కాలడం లేదని అర్థం. చదును నేల మీద కాసేపు నడిచాక బ్యాటరీ తగ్గి, చప్పుడూ ఆగిపోతే బెంగ అక్కర్లేదు. తెల్లవారుజామున కొండ మీద చల్లబడిన కారు తీసినప్పుడు మాత్రం ఇంజిన్ నిజంగానే పెట్రోలుతో కాసేపు నడుస్తుంది. పొగను శుద్ధి చేసే పరికరం వేడెక్కాలి కదా.

ఇప్పుడు అసలు అనుమానించాల్సినవి. చిన్న పల్లానికే గీతలు అడుగు నుంచి పైదాకా గబగబా నిండి, చదునులో అంతే వేగంగా పడిపోతుంటే బ్యాటరీ నీరసించిందేమో చూపించుకోవాలి. హెచ్చరిక దీపం వెలిగినా, ఇనుము కొట్టుకుంటున్నట్టు గడగడలాడినా, కారు వణికినా తాత్సారం పనికిరాదు. ఇంకోటి... చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి, వెనక సీటు దగ్గరుండే జాలీ గుండా వెళ్తుంది. దానికడ్డంగా దుప్పట్లు, సంచులు పెట్టినా, దుమ్ము పట్టినా బ్యాటరీ వేడెక్కి కరెంటు తీసుకోనంటుంది. అప్పుడు నిండకుండానే హోరు మొదలవుతుంది. మీ కారులో అదెక్కడుందో యజమానికిచ్చే పుస్తకంలో ఉంటుంది. పాపం, ఆ పుస్తకాన్ని తెరిచేవాళ్లేరీ!

ప్రాణాల మీదకొచ్చే పొరపాటు వేరే ఉంది. చప్పుడుకి భయపడో, పెట్రోలు మిగులుతుందనో గేరు ‘ఎన్’లోకి తోసేయడం. అలా చేస్తే మోటారు, ఇంజిన్ రెండూ పట్టు వదిలేస్తాయి. బరువంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కి కాలిన వాసన వేస్తే, పెడల్ మెత్తగా దిగిపోతుంటే... వెంటనే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. నిడివైన దిగుడుకి ‘బి’ గేరున్న కార్లలో అదే వాడుకోవాలి. హోరు ఇంకా పెరుగుతుంది. పెరగనివ్వండి, బ్రేకుల పని అది చేస్తోంది.

మెకానిక్ దగ్గరకెళ్లేటప్పుడు ‘ఏదో చప్పుడొచ్చిందండీ’ అంటే సరిపోదు. గీతలెన్ని ఉన్నాయి, వేగమెంత, గేరు ఎందులో ఉంది, ఎంతసేపు దిగాక మొదలైంది... పక్కనున్నవాళ్లు డ్యాష్‌బోర్డును ఫోన్లో నిమిషం వీడియో తీస్తే ఇవన్నీ అందులోనే ఉంటాయి. వారంటీ కాగితాలూ దగ్గరుంచుకోండి. టొయోటా అయితే హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా ఇస్తోంది.

అయినా అనుమానం తీరకపోతే మెకానిక్‌నీ ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్‌కి బయల్దేరడమే. గోదావరి వాళ్లకి దగ్గర్లో ఉన్న అసలైన దిగుడు అదే. బొంగులో చికెన్ ఖర్చు మాత్రం కారు ఓనర్‌దే!