దూరపు సంపాదన – పిల్లల చదువు

ఇల్లు విడిచి దూరాన శ్రమించే కార్మికుడు పంపే సొమ్ము పిల్లల చదువుకు నిజంగా అక్కరకు వస్తున్నదా? వస్తున్నదనే అందరి నమ్మకం. కాని కొలిచి చూడనిదే దేనినీ ఒప్పుకోకపోవడం ఇంజనీర్లమైన మాకు వృత్తి నేర్పిన అలవాటు. ఈ విషయంలో అటువంటి కొలతకు చరిత్రే ఒక అవకాశం కల్పించింది.

1997 జూలైలో థాయ్‌లాండ్‌లో తలెత్తిన ఆర్థిక సంక్షోభం ఫిలిప్పీన్స్ పెసో విలువనూ పడగొట్టింది. ఆ దేశపు కార్మికులు అప్పటికే అనేక దేశాలలో ఉన్నారు. అమెరికా డాలరుతో ముడిపడిన సౌదీ రియాలు, హాంకాంగ్ డాలరు మరుసటి ఏడాదికి పెసోలలో సుమారు ఒకటిన్నర రెట్లు విలువ చేశాయి. మలేసియా, కొరియాలలో ఉన్నవారికి ఆ లాభం దక్కలేదు. అక్కడి ద్రవ్యమూ పెసోతో పాటే పతనమైంది. ఎవరి ప్రతిభా, ఎవరి లోపమూ లేకుండానే కుటుంబాల రాబడులలో తేడా వచ్చింది. ఆర్థికవేత్త డీన్ యాంగ్ 2008లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, లాభపడిన ఇళ్ళలో పిల్లల చదువు, దానిపై వ్యయం పెరిగాయి. పిల్లల చేత చేయించే పని తగ్గింది.

అయితే సొమ్ము ఒక్కటే చాలదు. మెక్సికో గ్రామాలను గూర్చి మెకెంజీ, రాపొపోర్ట్ 2011లో ప్రకటించిన అధ్యయనంలో వలస కుటుంబాలలోని ఎదిగిన పిల్లల చదువు వెనుకబడినట్లు తేలింది. మగపిల్లలు తామూ వలసబాట పట్టారు. ఆడపిల్లలపై ఇంటి చాకిరీ పడింది.

మన కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన ఎందరికో తొలి సంపాదన వీసా కోసం చేసిన అప్పుకూ, వడ్డీకీ సరిపోతుంది. బడిఫీజు వంతు ఆ తరువాతనే.

ఈ చర్చ మనకెందుకని పాఠకులు అడగవచ్చు. మన నిర్మాణ స్థలాలలో ఇటుక మోసేవారిలో, ఇనుము కట్టేవారిలో పరరాష్ట్రాల వారు అనేకులు. కొలతల పుస్తకంలో మనం చేయవలసిన సంతకం ఒక వారం ఆలస్యమైతే కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే కూలి ఆగుతుంది. ఎక్కడో ఒక పల్లెలో పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది. ప్రవాహపు పరిమాణం ఎంత ముఖ్యమో, నీరు సమయానికి పొలం చేరడమూ అంతే ముఖ్యమని కాలువలు తవ్వినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బడులు తెరిచే జూన్ మాసంలోనైనా ఈ బిల్లులను బల్లపై నిలువ ఉంచకుండుట మన చేతిలోని పని.