ముందు ఖర్చు, తర్వాత స్టైపెండ్: ఇదేమి ప్రోత్సాహం?

వైద్య విద్యార్థులు పరిశోధన చేయాలని ప్రభుత్వమే అంటోంది. అందుకు ముందుగా చేతి డబ్బు పెట్టుకోవాలన్న నిబంధనా ప్రభుత్వానిదే. ఈ నిబంధనే బీద ఇంటి పిల్లలను గడప బయట నిలబెడుతోంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లో ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం స్వల్పకాలిక పరిశోధన పథకాన్ని ప్రారంభించింది. అధ్యాపకుని మార్గదర్శకత్వంలో, కళాశాల నైతిక సంఘం అనుమతితో రెండు నెలలు పని చేయాలి. స్టైపెండ్ రూ.50 వేలకు పెరిగింది. సంతోషమే. కాని నివేదిక ఆమోదం పొందాకనే ఆ సొమ్ము చేతికందుతుంది. అంతవరకు బస్సు చార్జీలు, జిరాక్సుల ఖర్చు ఎవరు భరించాలి? ఆటో నడిపే తండ్రా? బీడీలు చుట్టే తల్లా?

ప్రభుత్వ కార్యాలయంలో బిల్లులు రాస్తూ పదవీ విరమణ చేసిన మాకు ఒక సంగతి తెలుసు. అధికారి పర్యటనకు బయలుదేరేముందే అడ్వాన్సు మంజూరు చేసే పద్ధతి ఉంది. ఆ పద్ధతి విద్యార్థికి ఎందుకు వర్తించదు?

2007లో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ మన పిల్లలకు వైద్య కళాశాల తలుపు తెరిచింది. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్, కరీంనగర్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. సీటు దొరికింది, పరిశోధన మాత్రం దూరంగానే ఉంది. పైచదువుల్లో పరిశోధనకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలున్నాయన్న సాకుతో, కేంద్రం 2022లో నిలిపివేసింది.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. ఏ జబ్బును, ఎవరి జబ్బును పరిశోధించాలో నిర్ణయించే హక్కు సంగతి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో ఒడిలో చాట పెట్టుకుని, పొద్దంతా పొగాకు దుమ్ము పీలుస్తూ బీడీలు చుట్టే ఆడపడుచుల దగ్గు, నడుము నొప్పి ఎవరికి పరిశోధనాంశం? ఆ ఇంట పుట్టి, వారితో ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడగల బిడ్డ అడిగితే, బయటివారికి చెప్పని మాట కూడా చెబుతారు. అయితే ఆ బిడ్డ సైతం వారి సమ్మతి తీసుకునే అడగాలి. తేలిన ఫలితాన్ని వారి వాడకే తెచ్చి వివరించాలి.

కనుక స్టైపెండులో సగం పని మొదలుపెట్టే నాడే చెల్లించాలని మేము కోరుతున్నాము. మన మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. స్టైపెండ్ వచ్చేదాకా విద్యార్థికి ఖర్జె హసనా ఇవ్వండి. తల్లిదండ్రులారా, "పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకోక ఈ సర్వేలెందుకు?" అని పిల్లలను వారించకండి. మన జబ్బుల లెక్క మనవాళ్లూ రాయాలి.