ఆకలిని అణిస్తే ఏమవుతుంది?

పిల్లలూ, "లంఖణం పరమౌషధం" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనగా మీరు వినే ఉంటారు. అజీర్తి చేసినప్పుడు ఒక పూట తిండి మానితే కడుపుకు విశ్రాంతి దొరుకుతుందని దాని భావం. మీ బామ్మ ఏకాదశినాడు ఉపవాసం ఉంటుందనుకోండి. ద్వాదశినాడు తెల్లవారగానే పారణ చేస్తుంది. లంఖణానికైనా, ఉపవాసానికైనా ఒక ముగింపు ఉంది.

ముగింపు లేని ఉపవాసం కూడా ఒకటి ఉంది. అది వ్రతం కాదు, రోగం. దాని పేరు అనొరెక్సియా నెర్వోసా. ఈ నెల దాన్ని గురించి తెలుసుకుందాం.

ఈ రోగం ఎక్కువగా మీరు ఎదిగే వయసులోనే మొదలవుతుంది. ఆడపిల్లలలో ఎక్కువ. అయినా మగపిల్లలకు రాదనుకోకండి. "లావైపోతానేమో" అనే భయం మనసులో పాతుకుపోతుంది. ఆ భయంతో తిండి తగ్గిస్తారు. శరీరం ఎంత చిక్కినా భయం తీరదు సరికదా, ఇంకా పెరుగుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన రోగం కాదు. 1866లో లండనులో విలియం గల్ అనే వైద్యుడి దగ్గరికి పదిహేడేళ్ళ అమ్మాయి వచ్చింది. ఆమె బాగా చిక్కిపోయింది. నాడి చాలా నెమ్మదిగా కొట్టుకుంటున్నది. అయినా ఆమె ఒకచోట కుదురుగా ఉండేది కాదు. గల్ ఎంత పరీక్షించినా ఆమె ఒంట్లో వేరే జబ్బేదీ కనబడలేదు. మందులు పని చెయ్యలేదు. వేళకు తిండి పెట్టించి, కనిపెట్టి చూడగా, 1868 నాటికి ఆమె కోలుకున్నది. ఇటువంటి రోగులను మరికొందరిని చూసిన మీదట, 1873లో గల్ ఈ రోగానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. అదే ఏట పారిస్‌లో లాసెగ్ అనే వైద్యుడు కూడా దీన్ని గురించి రాశాడు.

అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవటం. నిజానికి ఈ పేరు అంత సరి అయినది కాదు. ఆకలి ఉంటుంది. భయం దాన్ని అణచిపెడుతుంది.

మరి తిండి అందకపోతే శరీరం ఏం చేస్తుంది? పొయ్యిలోకి కట్టెలు అయిపోతే ఇంటి తలుపులూ, దూలాలూ పీకి కాల్చినట్టు చేస్తుంది. ముందు దాచుకున్న కొవ్వును కరిగిస్తుంది. ఆ పైన కండలను కూడా కరిగిస్తుంది. గుండె కూడా కండే గదా! అదీ పలచబడి, నెమ్మదిస్తుంది. రక్తపు పోటు తగ్గి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. రక్తంలో పొటాషియం వంటి లవణాలు తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది కూడా. మనసుకు వచ్చే రోగాలలో ఇంతగా ప్రాణాలు తీసేవి కొద్ది. చూడటానికి మరీ సన్నగా లేని వాళ్ళకు కూడా ఈ ప్రమాదాలు రావచ్చు.

అంతేకాదు. ఎండాకాలంలో కూడా చలి వేస్తుంది. జుట్టు రాలుతుంది. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతుంది. ఎముకలు గట్టిపడవలసిన వయసు ఇదే కనక, ఇప్పుడు పడిన లోటు తరవాత పూర్తిగా తీరకపోవచ్చు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆకలి మనసును కూడా మార్చేస్తుంది. ఈ సంగతి ఒక ప్రయోగంలో స్పష్టంగా తెలిసింది. రెండవ ప్రపంచయుద్ధంలో యూరప్‌లో లక్షలాది జనం తిండికి మాడిపోతూ ఉండేవారు. వాళ్ళకు ఎట్లా తిండి పెట్టి కోలుకునేట్టు చెయ్యాలో తెలుసుకోవటానికి, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక ప్రయోగం ఆరంభించాడు. ముప్ఫై ఆరుగురు యువకులు తమంతట తామే ముందుకు వచ్చారు. యుద్ధంలో మనుషులను చంపటం తమ మనస్సాక్షికి విరుద్ధమని ఆయుధం పట్టనివారు వాళ్ళు. శరీరంలోనూ, మనసులోనూ ఏ లోపమూ లేనివారు.

1945లో ఆరు నెలలపాటు వాళ్ళకు అరకొర తిండి పెట్టారు. వాళ్ళేమయ్యారో తెలుసా? నవ్వటం, కబుర్లు చెప్పుకోవటం మానేశారు. చిన్నదానికీ చిరాకుపడేవారు. స్నేహితులకు దూరమయ్యారు. పగలంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు ముందు వేసుకుని గంటలకొద్దీ చదివేవారు. ఆరోగ్యంగా ఉన్న మనుషులకే తిండి తగ్గితే మనసు అట్లా అయిపోయింది. మళ్ళీ సరిగా తిండి పెట్టగా, నెలలు గడిచిన మీదటగాని వాళ్ళు మామూలు మనుషులు కాలేదు.

ఇప్పుడు ఆలోచించండి. అనొరెక్సియాతో బాధపడే పిల్లకు ముందే భయం ఉంది. దానికి ఆకలి తెచ్చే ఈ మార్పు కూడా తోడయింది. అంచేత ఆ పిల్ల ఒంటరిగా ఇందులోంచి బయటపడటం చాలా కష్టం. అది మొండితనమూ కాదు, సోకూ కాదు. తల్లిదండ్రుల తప్పు కూడా కాదు. పుట్టుకతో వచ్చే స్వభావమూ, తిండి తగ్గించటమూ, ఇతరుల ఎగతాళీ, ఇట్లా అనేక కారణాలు కలిసి ఈ రోగాన్ని తెస్తాయి.

దీనికి మొదటి మందు అన్నమే. కాని చాలాకాలం తిండి లేని శరీరానికి ఒక్కసారిగా పెట్టినా ప్రమాదమే. అంచేత డాక్టరు చూస్తూ ఉండగా క్రమంగా పెంచాలి. మనసుకు కూడా చికిత్స కావాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు పక్కన కూచుని ఓపికగా తినిపించటం ఆ చికిత్సలో పెద్ద భాగం. చాలామంది కోలుకుంటారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

పెద్దలకు ఒక మాట. "బొండాం", "పీపా" అని పిల్లలను నవ్వులాటకైనా పిలవకండి. పిల్ల నలుగురితో కలిసి తినటం మానినా, చిక్కిపోతున్నా, కళ్ళు తిరిగి పడినా, కోప్పడకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వంవారి టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

పిల్లలూ, మీ స్నేహితురాలికి ఇటువంటిది ఉన్నదని తోస్తే, ఆమె "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నా సరే, అమ్మకో, టీచరుకో చెప్పండి. మీకే ఉంటే ఈ రోజే చెప్పండి. ఆ ఒట్టు తప్పితే పాపం రాదు. ఒక ప్రాణం నిలుస్తుంది.