సముద్రం అడుగున తీగలకు కాపలా ఎవరు?

ఇంటర్నెట్ అనగానే మనలో చాలామంది ఆకాశం వైపు చూస్తారు. ఉపగ్రహం నుంచి దిగి వస్తుందని నమ్మకం. నిజానికి ఖండాలు దాటే సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళలోనే నడుస్తుంది. మన హాస్టల్లో చదివి ఇప్పుడు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తున్న అన్న ఆదివారం వీడియో కాల్ చేస్తే, ఆ ముఖం, ఆ మాట వెలుగుగా మారి, గాజు పోగుల్లోపడి, అరేబియా సముద్రం అడుగున ప్రయాణించి మన దేశం ఒడ్డెక్కుతాయి. ఆ తర్వాతే మన ఊరి టవరు.

ఇంత బరువు మోసే ఆ కేబుల్ లోతు సముద్రంలో ఎంత లావుంటుందనుకున్నారు? మొక్కలకు నీళ్ళు పట్టే పైపంత! మధ్యలో వెంట్రుకంత సన్నని గాజు పోగులు, చుట్టూ ఉక్కు తీగలు, రాగి గొట్టం, పైన ప్లాస్టిక్ తొడుగు. ఆ రాగిలో వేల వోల్టుల కరెంటు పారుతూ ఉంటుంది. దారిలో నీరసించే వెలుగుకు మళ్ళీ బలమిచ్చే రిపీటర్లు 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. వాటికి కరెంటు కావాలి కదా! ఒడ్డు దగ్గర ఉక్కు కవచం తొడిగి ఇసుకలో పూడుస్తారు. లోతులో మాత్రం నేలమీద అలా పరిచి వదిలేస్తారు. ప్రపంచం మొత్తం మీద ఇవి సుమారు 14 లక్షల కిలోమీటర్లు. భూమిని 35 సార్లు చుట్టవచ్చు. ఇంత పొడవున కాపలా కాయగల నౌకాదళం ఏ దేశానికీ లేదు.

ఐదారేళ్ళుగా యూరప్ దేశాలకు నిద్ర పట్టనివ్వనిది ఈ సంగతే. రష్యాకు లోతు సముద్రంలో పనిచేయడానికే ఒక ప్రత్యేక విభాగం ఉంది. దాని చేతిలోని 'లోషారిక్' అనే చిన్న అణు జలాంతర్గామి వెయ్యి మీటర్లకు మించిన లోతుకు దిగగలదని రక్షణ నిపుణులు చెబుతారు. పెద్ద జలాంతర్గామి దాన్ని పొట్టకింద పెట్టుకుని తీసుకెళ్తుంది. 2019 జూలై 1న అందులో మంటలు చెలరేగి 14 మంది నావికులు చనిపోయినప్పుడే దాని గురించి లోకానికి కాస్త తెలిసింది. అదే విభాగానికి చెందిన 'యాంటర్' నౌక తమ కేబుళ్ళున్న చోట తిరుగుతోందని 2025 జనవరిలో బ్రిటన్ రక్షణమంత్రి జాన్ హీలీ పార్లమెంటులో చెప్పారు. అంతకు ముందు నవంబరులో ఆ నౌక పక్కనే తమ జలాంతర్గామి నీటిపైకి తేలి, 'చూస్తూనే ఉన్నాం' అని తెలిసేలా చేసిందని కూడా అన్నారు.

అయితే ఇలా భయపడుతున్న దేశాల చరిత్ర తిరగేస్తే గురివింద గింజ సామెత గుర్తుకొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన తొలి పనుల్లో ఒకటి జర్మనీ కేబుళ్ళు తెంపడం. 1914 ఆగస్టు 5 తెల్లవారుజామున 'అలర్ట్' అనే నౌక ఆ పని ముగించింది. 1945 జూలై 31న ఎక్స్ఈ-4 అనే బ్రిటిష్ బుల్లి జలాంతర్గామి సైగాన్ దగ్గర సముద్రంలో దిగింది. అందులోంచి గజఈతగాళ్ళు బయటికొచ్చి జపాన్ వాడుతున్న రెండు కేబుళ్ళు కోశారు. పని అయిందనడానికి సాక్ష్యంగా చెరో ముక్క వెంట తెచ్చుకున్నారు. తీగ తెగితే శత్రువు రేడియోలో మాట్లాడక తప్పదు, రేడియో అయితే వినవచ్చు. అదీ ఎత్తుగడ.

అమెరికా సంగతి ఇంకా విచిత్రం. 1971లో 'హాలిబట్' అనే జలాంతర్గామి ఒఖోట్స్క్ సముద్రంలోకి దొంగచాటుగా వెళ్ళి సోవియట్ సైనిక కేబుల్ మీద రికార్డింగు యంత్రం తగిలించింది. తీగ తెంపలేదు, చిల్లు కూడా పెట్టలేదు. సోవియట్ వాళ్ళు ఒడ్డున 'ఇక్కడ కేబుల్ ఉంది, లంగరు వేయరాదు' అని పెట్టిన బోర్డులను చూసుకుంటూ వెళ్ళి ఆ చోటు పట్టారని చెప్పుకుంటారు. కాపాడటానికి పెట్టిన బోర్డే దొంగకు దారి చూపించిందన్నమాట! చివరికి వాళ్ళ సొంత గూఢచార సంస్థ మాజీ ఉద్యోగి ఒకడు 1980లో 35 వేల డాలర్లకు ఆ రహస్యాన్ని సోవియట్లకు అమ్ముకున్నాడు.

కనుక ఒక దేశం మంచిది, ఇంకొకటి చెడ్డది అనే లెక్కతో ఈ సమస్య తేలదు. బలం ఉన్న ప్రతివాడూ అవసరమైనప్పుడు ఆ పని చేశాడు.

ఇంకో చిక్కు ఉంది. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్ళు దెబ్బతింటాయి. వాటిలో మూడొంతులకు కారణం చేపల వలలు, ఓడల లంగర్లే. కావాలని తెంపేవాడికి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. లోతు తక్కువ చోట జలాంతర్గామి కూడా అక్కర్లేదు, ఒక పాత ట్యాంకరు లంగరు చాలు. 2024 డిసెంబరు 25న 'ఈగిల్ ఎస్' అనే ట్యాంకరు లంగరును కిలోమీటర్ల కొద్దీ ఈడ్చుకుంటూ పోయి, ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య కరెంటు కేబుల్‌ను, మరో నాలుగు సమాచార కేబుళ్ళను తెంపింది. ఫిన్లాండ్ ఓడను పట్టుకుంది. కెప్టెన్ మీద, ఇద్దరు అధికారుల మీద కేసు పెట్టింది. ఆ ముగ్గురిలో ఒకరు భారతీయుడు. కావాలని చేయలేదని వాళ్ళు వాదించారు. 2025 అక్టోబరు 3న హెల్సింకి కోర్టు కేసు కొట్టేసింది. వాళ్ళు నిర్దోషులని కాదు, దెబ్బతిన్న చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల బయట ఉంది కనుక విచారించే అధికారమే తనకు లేదని!

ఇదీ ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం నేటి పరిస్థితి. కేబుల్ తెంపితే నేరమని ప్రతి దేశమూ చట్టం చేసుకోవాలని 113వ అధికరణం చెబుతుంది. అయితే ఆ చట్టం సొంత జెండా ఉన్న ఓడలకు, సొంత పౌరులకే. ఈగిల్ ఎస్ జెండా కుక్ దీవులది. ఆ చిన్న దీవులు బాల్టిక్ సముద్రం దాకా వచ్చి విచారణ జరుపుతాయా? పడవ ఒకడిది, జెండా ఇంకొకడిది, మనుషులు మరో దేశం వాళ్ళు. యుద్ధనౌకలు ఎన్ని పెంచినా, పట్టుకున్నవాణ్ణి నిలబెట్టడానికి కోర్టు లేనప్పుడు ఆ కాపలా సగమే అని నా అభిప్రాయం. మారాల్సింది ముందు ఈ చట్టం. 2025 జనవరిలో నాటో కూటమి బాల్టిక్‌లో ప్రత్యేక గస్తీ మొదలుపెట్టింది. మంచిదే, కానీ గస్తీ చూడగలదు, శిక్ష వేయలేదు.

సాంకేతికంగా ఒక ఆశ మాత్రం ఉంది. కేబుల్ పోగులోకి పంపిన వెలుగులో కొంత వెనక్కి చెదురుతుంది. దగ్గరలో ఏదైనా కదిలితే ఆ చెదరటంలో తేడా వస్తుంది. దాన్ని కొలిస్తే ఓడ చప్పుడూ, లంగరు ఈడ్పూ తెలిసిపోతాయి. అంటే కేబులే చెవిగా పనిచేస్తుంది. ఒడ్డు నుంచి సుమారు వంద కిలోమీటర్ల వరకే ఇది బాగా సాగుతుంది. అయినా ఎక్కువ కేబుళ్ళు తెగేది ఆ దూరంలోనే కదా.

తెగిన తర్వాత ఎవరు ఎన్నాళ్ళు చీకట్లో ఉంటారనేది అసలు ప్రశ్న. ఒకే తీగ మీద ఆధారపడిన టోంగా దీవులకు 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి కేబుల్ తెగితే, బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది. 2023 ఫిబ్రవరిలో తైవాన్‌కు చెందిన మాట్సు దీవుల రెండు కేబుళ్ళూ వారం తిరక్కుండా తెగి, జనం దాదాపు 50 రోజులు అవస్థపడ్డారు. అదే ఇంగ్లండ్, అమెరికాల మధ్య ఒకటి తెగితే మామూలు మనిషికి తెలియను కూడా తెలియదు, పక్కన ఇంకా చాలా ఉన్నాయి. రెండో దారి ఉన్నవాడికి శత్రువు భయం తక్కువ. జలాంతర్గాముల వేట మీద పెట్టే డబ్బులో కొంతైనా అదనపు కేబుళ్ళకు, మరమ్మతు ఓడలకు పెట్టాలని నేననేది అందుకే.

మన దేశం సంగతి చూద్దాం. 2008 జనవరి 30న ఈజిప్టు తీరంలో కేబుళ్ళు తెగినప్పుడు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా ఇబ్బంది పడ్డాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో తెగినప్పుడు మళ్ళీ మన వేగం తగ్గింది. 2023 చివరికి దేశానికి 17 అంతర్జాతీయ కేబుళ్ళు వచ్చేవి, అవి ఒడ్డెక్కే ఊళ్ళు ఐదంటే ఐదు. మన జెండా కింద మరమ్మతు నౌకలు ఉండాలని ట్రాయ్ 2023 జూన్‌లో సిఫార్సు చేసింది. ఇప్పుడు విశాఖపట్నం వంతు రాబోతోంది. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో విశాఖకు సముద్ర కేబుళ్ళు తేవడం కూడా ఉంది. పేపర్లన్నీ కోట్ల గురించి, ఉద్యోగాల గురించి రాశాయి. ముంబై, చెన్నైల మీద భారం తగ్గించే ఇంకో దారి దొరకడం నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం. తూర్పు నౌకాదళం అక్కడే ఉండటం కూడా కలిసొచ్చేదే.

కానీ కేబుళ్ళు వచ్చిన చోట ఆంక్షలు కూడా వస్తాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ, పెర్త్ తీరాల్లో రక్షణ మండలాలు ప్రకటించి లంగరు వేయడం, అడుగు వలలు లాగడం నిషేధించారు. విశాఖలో అలాంటిది పెడితే మొదట తగిలేది మత్స్యకారులకే. మన హాస్టళ్ళలో చదివే వాళ్ళ బాధ అది. వాళ్ళను నేరస్థుల్లా చూస్తే కాపలా పోతుంది. 1981 అక్టోబరులో స్వీడన్ నౌకాదళ స్థావరం దగ్గరే సోవియట్ జలాంతర్గామి ఒకటి రాళ్ళమీదెక్కి ఇరుక్కుపోతే, మొదట చూసి చెప్పింది నౌకాదళం కాదు, చేపలు పట్టేవాళ్ళు!

చట్టంలో వాళ్ళ కోసం ఒక మాట కూడా ఉంది. కేబుల్‌కు దెబ్బ తగలకుండా తన వలనో, లంగరునో వదులుకున్న పడవవాడికి కేబుల్ యజమాని నష్టపరిహారం ఇవ్వాలని 1884 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనే రాశారు. సముద్ర చట్టం 115వ అధికరణంలోనూ అదే ఉంది. మన దేశం 1995లో ఆ చట్టాన్ని ఆమోదించింది. బ్రిటన్‌లో కేబుళ్ళు ఎక్కడున్నాయో చూపే పటాలు జాలర్లకు ఉచితంగా ఇస్తారు. విశాఖలో మొదటి కేబుల్ ఒడ్డెక్కక ముందే అలాంటి పటం తెలుగులో అచ్చువేసి ప్రతి రేవులో పంచాలి. వల కోసుకున్నవాడు ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఎన్నాళ్ళలో డబ్బు ఇస్తారో, అనుమానంగా ఏదైనా కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఆ కాగితం మీదే ఉండాలి.