బురుజు మీద నా పేరు

పదో తరగతిలో ఉండగా ఎలగందుల ఖిల్లా ఎక్కి, మానేరు వైపున్న బురుజు గోడ మీద మేకుతో నా పేరు చెక్కాను. మొన్న నా బిడ్డ ఆ అక్షరాలను వేలితో తడిమి, "బాపూ, గిది నీ పేరేనా?" అని అడిగింది. కాదన్నాను. ఆ అబద్ధమే ఇది రాయిస్తోంది.

1905 దాకా మా కరీంనగర్ జిల్లాకు ముఖ్యపట్నం ఎలగందులే, అప్పట్లో జిల్లా పేరూ అదే. కరీంనగర్‌కు పేరిచ్చిన సయ్యద్ కరీముద్దీన్ ఈ కోట ఖిల్లాదారే. కాకతీయుల నుంచి బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీల దాకా ఎవరూ ఈ గుట్టను వదులుకోలేదు. పైన నిలబడితే తెలుస్తుంది ఎందుకో: మానేరు దాటి వచ్చే మనిషి ఇంకా ఏటి ఇసుకలో ఉండగానే కండ్లబడతాడు. ఎండకూ వానకూ అక్కడ నిలబడి కాపలా కాసిన బంట్ల పేర్లు ఏ గోడ మీదా లేవు. మావి మాత్రం ఉన్నాయి.

కచ్చేరీలు కరీంనగర్‌కు కదిలాయి, వాటి వెంట మేమూ కదిలాం. అంతటితో ఆగితే బాగుండేది. ఎలగందులలో 1754లో జఫరుద్దౌలా కట్టించిన దో మినార్ ఎక్కి ఊపితే ఊగుతుంది. రాతికీ సున్నానికీ ఆ కదలిక ఎలా నేర్పారని మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. ఊపాం, కేకలేశాం, దిగి వచ్చాం.

మా ఊరి నడుమ బురుజు సంగతి చెప్పాలంటే ఇంకా సిగ్గు. దోపిడీ దండ్లు వస్తున్నాయంటే ఊరిని లేపిన బురుజది. దాని రాళ్లు పశువుల కొట్టాలకు పోయాయి, ప్రహరీలకు పోయాయి. మా ఇంటి అరుగు కింద రెండున్నాయి. లంకెబిందెల కోసం రాత్రిపూట దాని అడుగు తవ్విందెవరో ఊరందరికీ తెలుసు. పొద్దున ఎవరమూ నోరు విప్పలేదు. వానకు అది కూలినప్పుడు మాత్రం, సర్కారు పట్టించుకోలేదని అందరం గట్టిగా అన్నాం.

ఆదివారం బిడ్డను తీసుకుని మళ్లీ ఖిల్లా ఎక్కాను. చెరిపేద్దామని తడిగుడ్డతో రుద్దితే గోడ సున్నం పొడిపొడిగా రాలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నాదే బిడ్డా" అన్నాను.

"మరి గీ పేర్లన్నీ ఎవరియి?"

ఒక్కొక్కటే చదివి చెప్పాను. ఒకటి నా బెంచీ మీద కూర్చున్నవాడిది. ఒకటి ఇప్పుడు బడిలో చరిత్ర చెప్తున్నవాడిది.