అటక మీంచి దించేటప్పుడు

ఉద్యోగుల లక్ష్యాలను నమోదు చేసే ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో, ఇప్పటికి వద్దనుకున్న లక్ష్యాన్ని చెరిపేయకుండా పక్కన దాచుకునే వీలుంటుంది. దాన్ని ఆర్కైవ్ అంటారు, మన మాటలో అటకెక్కించడం. మళ్లీ కావాలంటే దించుకోవచ్చు. బాగా తయారైన సాఫ్ట్‌వేరులో ఆ లక్ష్యం ఒంటరిగా దిగిరాదు. ఎవరు పెట్టుకున్నారు, పని ఎంతవరకు వచ్చింది, ఏ గడువు దాటింది అనే చిట్టా కూడా వెంట వస్తుంది. ఆ చిట్టా చూడటం ఇష్టంలేని వాళ్లు పాతదాన్ని అటక మీదే వదిలేసి, అదే పేరుతో కొత్తది రాసుకుంటారు. అప్పుడు పనీ సున్నాయే, ఆలస్యమూ సున్నాయే. మన ప్రభుత్వాలకు నచ్చింది ఈ రెండో పద్ధతి.

బందరు పోర్టునే తీసుకోండి. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు, 2023 మే 22న జగన్మోహన్‌రెడ్డి ఈ ఒక్క రేవుకే శంకుస్థాపన చేశారు. రెండో రాయి పడిన ఆరు నెలలకే, 2019 ఆగస్టులో, పోర్టు కట్టాల్సిన నవయుగ సంస్థతో ఒప్పందం రద్దయింది. మొదటి రాయి రాయిగానే ఎందుకు మిగిలింది? పెట్టుబడి కుదరకనా, భూమి దొరకకనా? శిలాఫలకాల మీద అలాంటివి చెక్కరు. 2015లో భూసేకరణ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎదురుతిరిగిన రైతుల లెక్కలో మాత్రం ఏళ్లు సున్నాకు తిరగలేదు.

ప్రైవేటు సంస్థ కట్టాల్సిన పోర్టును తర్వాత ప్రభుత్వమే సుమారు 5,156 కోట్లతో చేపట్టింది, కాబట్టి ఇది కొత్త ప్రాజెక్టే కదా అనవచ్చు. మారింది దారి, చేరాల్సిన రేవు అదే. దారి ఎందుకు మార్చాల్సి వచ్చిందో తెలియకపోతే కొత్త దారిలోనూ అదే గోతిలో పడతాం. పాత వైఫల్యాలు తవ్వితే ఇప్పుడు పనిచేసేవాళ్లు నీరసపడతారన్న వాదనలో కొంత నిజముంది. ఎప్పుడో దాటిన గడువును వాళ్ల నెత్తిన రుద్దడం అన్యాయమే. కొత్త గడువు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. దాని పక్కన పాత గడువు కూడా కనిపించాలి, అంతే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. రైల్వే శాఖ బడ్జెట్ పుస్తకమైన పింక్ బుక్‌లో ప్రతి ప్రాజెక్టు ఎదుట మంజూరైన సంవత్సరం, అంచనా, ఖర్చు ఉంటాయి. ప్రభుత్వం మారినా ఆ సంవత్సరం మారదు. విజయవాడ-గుడివాడ-భీమవరం రైలుమార్గం డబ్లింగ్ ఆలస్యంగానైనా పూర్తయింది. ఎంత ఆలస్యమో లెక్క కట్టే వీలూ మిగిలింది. ప్రభుత్వాలు మారినా పని కొనసాగుతుందనడానికి దివిసీమ ఇంకా పెద్ద రుజువు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. ఆ తర్వాత తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, జనాన్ని ఖాళీ చేయించే ఏర్పాట్లు వచ్చాయి. మధ్యలో కాంగ్రెస్ పోయి తెలుగుదేశం వచ్చింది, మళ్లీ కాంగ్రెస్ వచ్చింది. ఆ పనిని మాత్రం ఎవరూ అటకెక్కించలేదు. 1990 మేలో అంతటి తుపానే ఈ తీరాన్ని కొట్టినప్పుడు చనిపోయినవాళ్లు సుమారు వెయ్యి మంది. అదీ తక్కువేం కాదు, కానీ పదివేలు కాదు.

తపసిపూడి దగ్గర బందరు పోర్టు గేటు ముందు ఒక బోర్డు పెట్టించండి. మూడు శంకుస్థాపనల తేదీలు, మొదటి రెండు తేదీల తర్వాత పని ఆగిన కారణాలు దాని మీద రాయించండి. మొదటి వరుస 2008తో మొదలుకావాలి.